తొమ్మిది లాగులు

బోటు మోటారు మూతని మెకానిక్ గుడ్డతో పైనుంచి కిందికి తుడుస్తున్నాడు. గుడ్డకి కిరసనాయిలు కొద్దిగానే అద్దాడు. ఎక్కువైతే ఆ మూతకి మిగిలిన కాస్త ఎరుపూ ఊడి వస్తుంది. ఒకప్పుడు నిండు ఎరుపట. ఇప్పుడు తయారుచేసినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట రెండక్షరాలూ నాలుగు గీతలూ ఉన్నాయి. తుడవడం అయ్యాక వంగి, పంకా రెక్కల మధ్య చుట్టుకున్న నాచుని వేళ్ళతో పీకి నీళ్ళలో పారేశాడు. పెట్రోలు గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బల్బు మీదికి చెయ్యి దానంతటదే వెళ్ళింది. రోజూ అయితే దాన్ని ఎనిమిది సార్లు పిసికేవాడు. ఈ రోజు చేతిని వెనక్కి తీసుకుని ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబులో ఎప్పుడూ ఒక పాత స్పార్క్ ప్లగ్గు ఉంటుంది. అందుకే రేవులో అందరూ అతన్ని ప్లగ్గు అంటారు.

పది గంటలకి కొనేవాళ్ళు వస్తారు. పాత మోటారు అమ్మేవాడెవడైనా కొనేవాళ్ళు రాకముందే దాన్ని ఒకసారి నడిపి వేడిగా ఉంచుతాడు. వేడి మీదున్న మోటారు ఎవరు తాడు లాగినా పలుకుతుంది. ఈ కిటుకు మెకానిక్‌కి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పరాయివాళ్ళ మోటార్లకి ఆ సేవ చాలాసార్లు చేసిపెట్టాడు కూడా. దీన్ని మాత్రం చల్లగానే ఉంచదలుచుకున్నాడు. అబద్ధం ఆడడు. ఏ నట్టూ వదులు చెయ్యడు. నోరు మూసుకుని పక్కన నిలబడతాడు, అంతే. వాళ్ళు లాగి లాగి, భుజాలు పడిపోయి, దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు.

బోటు అతని అన్నయ్యది. మోటారూ అన్నయ్యదే. రేవులో ఎవరినడిగినా అదే చెబుతారు. మెకానిక్ మనసులో మాత్రం మోటారు తనది, బోటు ఆ మోటారుకి తగిలించిన తోక. ఇరవై రెండేళ్ళలో దాని లోపల అతని చెయ్యి పడని భాగం లేదు. పిస్టన్ రింగులు మూడుసార్లు మార్చాడు. పంకా ఇరుసు మార్చాడు. పెట్రోలు పంపులో చిరిగిపోయిన రబ్బరు పొర మార్చాడు. మోటారుని లేపే తాడు చివరి పిడి పగిలిపోతే చెక్కతో కొత్త పిడి చెక్కి, తన అరచేతికి సరిపోయేలా అరగదీశాడు. మోటారు బిగించే వెనక పలక నాని మెత్తబడితే దాన్ని కోసి తీసేసి కొత్తది వేశాడు. ఇంత చేసినవాడికి దక్కిందేమిటంటే గోళ్ళ కింద నలుపు. బోటు యజమాని అనే మాట, ఆ మాటతో వచ్చే మర్యాద, అన్నకి దక్కాయి.

ఇరవై రెండేళ్ళ కిందట అన్న ఈ బోటుని కొన్నప్పుడే అది పాతది. అమ్మినవాడు చేపలు మానేసి వేరే ఊరికి వెళ్ళిపోతూ, వెళ్ళేముందు మోటారు గుణం చెప్పాడు. "చోక్ పూర్తిగా లాగాలి. బల్బు ఎనిమిది సార్లు పిసకాలి. తొమ్మిది లాగులు లాగాలి. ఒక్కటి తక్కువైనా పలకదు." అన్నకి చేపల దగ్గర ఉన్న ఓపిక మోటారు దగ్గర లేదు. ఆరో లాగుకి విసుగొచ్చి, చోక్ సగం తోసి, మళ్ళీ మొదలుపెట్టి, తాడు వదిలేసి కూర్చున్నాడు. అప్పుడు తమ్ముడు తాడు అందుకున్నాడు. సరిగ్గా తొమ్మిదో లాగుకి మోటారు పలికింది. రేవు మెట్ల మీద నిలబడ్డవాళ్ళు తమ్ముడి వైపు చూశారు. అన్న పక్కనుండగా జనం తన వైపు చూడడం మెకానిక్ జీవితంలో అదే మొదటిసారి. ఆ చూపు కోసం అతను ఇరవై రెండేళ్ళు ఆ తాడు లాగాడు.

అన్నని చూస్తే అతనికి కుళ్ళు. ఇందులో దాచడానికేమీ లేదు, అతను కూడా పెద్దగా దాచుకోలేదు. అన్న భుజాలు చూస్తే కుళ్ళు. అన్న గొంతు విని రేవులో మిగతావాళ్ళు మాటలు ఆపేస్తే కుళ్ళు. అన్న తమ్ముడి ఇంటికి చేప పంపిస్తే, "బావగారు పంపారు" అంటూ తన భార్య ఆ చేపని రెండు చేతులా అందుకునే తీరు చూస్తే ఒళ్ళు మండేది. తిననని మొండికేసేవాడేం కాదు. రెండోసారి కూడా వడ్డించుకుని, తిని మరీ కుళ్ళుకునేవాడు. అన్న గడప తొక్కడానికి మాత్రం కాళ్ళు రావు. రేవుకి పాతిక మెట్ల పైన అన్న ఇల్లు, మెట్ల కింద తన షెడ్డు. పని పడితే తప్ప ఆ పాతిక మెట్లూ ఎక్కేవాడు కాదు.

కానీ ప్రతి తెల్లవారుజామునా అన్నే ఆ మెట్లు దిగి వచ్చేవాడు. చేతిలో టీ ఫ్లాస్కు. దానికి రెండు కప్పులు, మూతలాగా ఒకదానిలో ఒకటి దూరి ఉండేవి. అన్న మెట్టు మీద కూర్చుని కప్పులు విడదీసేవాడు. పెద్ద కప్పు అన్నది, లోపలి చిన్న కప్పు తమ్ముడిది. దీనికి కూడా మెకానిక్ కుళ్ళుకునేవాడు. వెనక తాడు లాగుతుంటే ముందు టీ చల్లారుతూ ఉండేది.

"ఎన్నైంది?" అని అడిగేవాడు అన్న.

"ఆరు."

"కానీ."

తొమ్మిదో లాగుకి మోటారు పలికేది. అది వేడెక్కేదాకా ఇద్దరూ టీ తాగేవాళ్ళు. మాటలేం ఉండేవి కావు. ఆ తరువాత తమ్ముడు గట్టెక్కేవాడు, అన్న బోటెక్కి కాలువ మలుపు తిరిగి సముద్రంలోకి పోయేవాడు. సముద్రం మీద మోటారు ఆగినా ఫరవాలేదు, వేడిగా ఉంటుంది కనక అన్న లాగినా పలుకుతుంది. తెల్లారేసరికి చల్లారిన మోటారుని లేపడం మాత్రం ఒక్క తమ్ముడికే చేతనవును. అన్న దగ్గర లేనిదీ, తన దగ్గర ఉన్నదీ అదొక్కటే. ఆరేళ్ళ కిందట మెకానిక్‌కి పొట్టలో ఆపరేషన్ అయింది. పట్నం ఆసుపత్రిలో పది రోజులుండి ఇంటికి వస్తే, అన్న వచ్చి మంచం పక్కన నిలబడి, "నువ్వు లేచొస్తే గానీ అది కదలదురా" అన్నాడు. అన్నట్టే నెల రోజులు బోటు గట్టునే కట్టేసి ఉంచాడు. ఆ నెల మెకానిక్‌కి మందులకంటే ఆ మాటే బాగా పనిచేసింది.

ఎనిమిది నెలలుగా అన్న మంచం మీద ఉన్నాడు. గుండె అలిసిపోయిందన్నారు డాక్టర్లు. మోటారు బిగుసుకుపోకుండా ఉండాలంటే వారానికొకసారి నడిపితే చాలు. మెకానిక్ రోజూ నడుపుతున్నాడు. ఎనిమిది నెలలుగా అతను ఒకే ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నాడు. 'బోటు నువ్వు తీసుకోరా' అని అన్న అంటాడని. అతనుగా అడగడు. అడిగితే అన్న ఇచ్చినట్టవుతుంది. అన్నే పిలిచి బతిమాలితే, నాలుగు రోజులు ఆలోచించి, సరే అనాలని అతని ఉద్దేశం. పోయిన వారం కబురు వచ్చింది. వదిన మెట్ల మీద నిలబడి చెప్పింది. "సోమవారం బోటు చూసుకోడానికి ఎవరో వస్తున్నారు. నిన్ను దగ్గరుండి చూపించమన్నారు మీ అన్నయ్య."

ఈ రోజే ఆ సోమవారం.

మెకానిక్ షెడ్డుకి వచ్చి నీళ్ళ డ్రమ్ములో బిగించిన ఎవరిదో చిన్న మోటారు ముందు కూర్చున్నాడు. ప్లగ్గు ఊడదీసి చూశాడు. నల్లగా, పెట్రోలుతో తడిసి ఉంది. బండబూతు ఒకటి నోటిదాకా వచ్చింది. ఈ మోటారు తెచ్చినవాడు చోక్ లాగి మర్చిపోయే రకం. ఎన్నిసార్లు చెప్పినా ఇంతే. తుడిచి, ఆరబెట్టి, బిగించి, చోక్ ముట్టుకోకుండా ఒక్కసారి లాగాడు. పలికింది. షెడ్డు గోడకి ఆనుకుని వల బాగుచేసుకుంటున్న ముసలాయన తల ఎత్తకుండానే మాట కలిపాడు.

"మీ అన్న బోటు అమ్మేస్తున్నాడటగా."

"ఊఁ."

"నువ్వే తీసుకోవచ్చుగా, ప్లగ్గూ."

"నాకెందుకు?"

"నిజమేలే. నీకు నీళ్ళు పడవుగా." వలాయన సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వాడు. "ఆ రోజు మలుపు కూడా తిరగలేదు, తిన్నదంతా అన్న ఒళ్ళో కక్కావు. రేవు రేవంతా నీళ్ళు మోసుకొచ్చి కడిగాం."

పద్దెనిమిదేళ్ళ కిందటి సంగతి. మెకానిక్ మళ్ళీ బోటెక్కి గట్టు వదల్లేదు. అడిగినవాళ్ళకి షెడ్డులో పని ఉందనేవాడు. ఈత కూడా రాదు. అయినా ఎవరో ముక్కూమొహం తెలియనివాడు ఆ చెక్క పిడి పట్టుకుంటాడంటే, తన అరచేతి గుంటలో వాడి అరచెయ్యి పడుతుందంటే, ఊపిరాడడం లేదు. నాకు వద్దు సరే, వాడికి మాత్రం ఎందుకు? అతని బాధ మొత్తం ఈ రెండు ముక్కల్లో ఉంది.

పదికి రెండు నిమిషాలుండగా కొనేవాళ్ళు వచ్చారు. మొగుడూ పెళ్ళాం. అతను ఐసు లారీ డ్రైవరు. ముప్ఫై అయిదు దాటని మనిషి, నవ్వు మొహం, ఎడమ భుజం కాస్త ఎత్తిపెట్టి నడుస్తున్నాడు. మెకానిక్ అతన్ని చూసి, వీడు తాడు మూడుసార్లు కూడా లాగలేడు అని లెక్క కట్టుకున్నాడు. పెళ్ళాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

లెక్కలోకి తీసుకోవలసింది ఆవిడనే. డ్రైవరు బోటు ఎంత పొడవని అడుగుతూ ఉండగానే ఆవిడ వంగి, వేళ్ళ కణుపులతో బోటు అడుగంతా తట్టుకుంటూ వచ్చింది. ఒకచోట శబ్దం మారితే అక్కడ రెండుసార్లు తట్టింది. అది మెకానిక్ అతుకు వేసిన చోటే. వెనక పలకని బొటనవేలితో నొక్కి చూసింది. మెత్తదనం లేదు.

"ఈ పలక ఎవరేశారు?"

"నేనే."

"పాత పలక తీసేసి వేశారా, పైన వేశారా?"

"తీసేసే."

"బాగా వేశారు," అంది ఆవిడ. ఇరవై రెండేళ్ళలో ఆ పలక గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. మెకానిక్ తనూ ఆ పలకని ఒకసారి తడిమి చూశాడు. వెంటనే ఆవిడ మీద ఇంకా కోపం వచ్చింది. అంత తెలిసినావిడ ఇంకో బోటు చూసుకోవచ్చు కదా.

ఆవిడ కింది గేరు దగ్గర మర వదులు చేయించి, రెండు చుక్కల నూనె వేళ్ళ మధ్య రుద్ది చూసింది. నీళ్ళు కలిస్తే పాలలా తెల్లబడుతుంది. తెల్లబడలేదు. వేళ్ళు గుడ్డకి తుడుచుకుంటూ మొగుడి వైపు తల ఊపింది.

"స్టార్ట్ చేసి చూపించన్నా," అన్నాడు డ్రైవరు.

మెకానిక్ ఈ మాట కోసమే పొద్దుటినుంచీ కాచుకుని ఉన్నాడు. "నేనెందుకు, మీరే లాగండి," అన్నాడు. "రేపటినుంచి మీ చేతికే కదా అలవాటవ్వాలి." తన గొంతు ఎంత మంచివాడి గొంతులా ఉందో విని తనే ఆశ్చర్యపోయాడు. రెండు అడుగులు వెనక్కి వేసి, బోటు కట్టే రాతి గుంజకి ఆనుకుని, చేతులు కట్టుకున్నాడు.

డ్రైవరు బోటులోకి దిగబోయాడు.

"నువ్వుండు, నీ భుజం బాలేదు," అంటూ పెళ్ళాం ముందు దిగింది. జుట్టు ముడేసుకుంది. మోటారుని నీళ్ళలోకి దించింది. బల్బుని రెండుసార్లు పిసికింది. మూడోసారికి గట్టిపడిందేమో, వదిలేసింది. మెకానిక్ మనసులోనే నవ్వుకున్నాడు. రెండేనా అమ్మా, ఇంకా ఆరున్నాయి. ఆవిడ చోక్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఒక కాలు పలకకి తన్నిపెట్టి, చెక్క పిడి అందుకుని, ఒక్కసారి లాగింది.

మోటారు పలికింది.

దగ్గు లేదు, నసుగుడు లేదు. పొద్దున్నే నిద్ర చాలినవాడిలా లేచింది. కాస్త నీలం పొగ వచ్చి పోయింది. మోటారు పక్కన ఉన్న చిన్న రంధ్రం నుంచి సన్నటి నీటి ధార వంపు తిరిగి కాలువలో పడుతోంది, లోపల నీళ్ళు సరిగ్గా తిరుగుతున్నాయన్నదానికి గుర్తు. డ్రైవరు చప్పట్లు కొట్టాడు. వలాయన షెడ్డు దగ్గరినుంచి మెడ సాచి చూశాడు. ఎవ్వరినీ దగ్గరికి రానివ్వని ఇంటి కుక్క దారిన పోయేదాని చెయ్యి నాకుతుంటే చూసినట్టుంది మెకానిక్‌కి. మొహం మాడిపోయింది. తను ఇరవై రెండేళ్ళు తొమ్మిదేసి లాగుల చొప్పున దానికి సేవ చేస్తే, అది ఈవిడకి ఒక్క లాగుకే లొంగింది.

"వేడిగా ఉంచారేమో కదా," అంది ఆవిడ, మూత మీద చెయ్యి వేసి.

"లేదు," అన్నాడు మెకానిక్. "నిన్న పొద్దుట్నుంచీ ముట్టుకోలేదు."

"మరింకేం. మంచి మోటారు."

"చోక్ లాగలేదేం మీరు?"

ఆవిడ అతని వైపు వింతగా చూసింది. మెకానిక్ అడగవలసిన ప్రశ్న కాదది. "ఈ ఎండకి చోక్ దేనికండీ? మా నాన్న మోటారుకి నేను చోక్ లాగితే చెయ్యి మీద కొట్టేవాడు. లోపలంతా పెట్రోలు ముంచేస్తే మళ్ళీ తొమ్మిదీ పదీ సార్లు లాగి ఆరబెట్టుకోవాలి కదా."

మెకానిక్ చోక్ వైపు చూశాడు. గంట కిందట, డ్రమ్ములో మోటారు ముందు కూర్చుని, ఎవడో చోక్ లాగి మర్చిపోయాడని తిట్టుకున్నది తనే. పదకొండేళ్ళ కిందట పెట్రోలు పంపులో చిరిగిన పొర తీసి కొత్తది వేసిందీ తనే. ఆ పొర చిరిగి ఉన్నన్నాళ్ళూ పెట్రోలు అందేది కాదు, చోక్ లాగక తప్పేది కాదు. కొత్త పొర వేసిన రోజునే మోటారు బాగుపడింది. మర్నాడు పొద్దున్నే అతను వచ్చి చోక్ పూర్తిగా లాగి, బల్బు ఎనిమిది సార్లు పిసికి, మోటారుని ముంచేసి, తొమ్మిది లాగులతో ఆరబెట్టాడు. పదకొండేళ్ళు రోజూ అదే చేశాడు. పరాయి మోటారు ఏది వచ్చినా ముందు చోక్ లేకుండా లాగి చూసే మనిషి, దీన్ని ఒక్కసారి కూడా అలా లాగి చూడలేదు. చూడబుద్ధి కాలేదు. ఇది తన చేతికి తప్ప పలకదని నమ్మాడు, ఆ నమ్మకం పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

వాళ్ళిద్దరూ మలుపుదాకా వెళ్ళి తిరిగి వచ్చారు. అతన్నీ రమ్మన్నారు. షెడ్డులో పని ఉందన్నాడు.

బోటు నచ్చింది. పోటు నీళ్ళు ఉండగానే తీసుకుపోతామన్నారు. మెట్లెక్కి వెళ్ళి అన్నతో మాట్లాడి, ఇవ్వాల్సింది వదిన చేతిలో పెట్టారు. వాళ్ళు దిగాక మెకానిక్‌ని పైకి రమ్మని వదిన చెయ్యి ఊపింది. పాతిక మెట్లూ ఎక్కాడు.

ముందుగదిలో కిటికీ పక్కన అన్న మంచం. కిటికీలోంచి రేవు పూర్తిగా కనబడదు, కాలువ మాత్రం కనబడుతుంది. ఒకప్పుడు గుమ్మం నిండిపోయే మనిషి ఇప్పుడు దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియడం లేదు. మెడ దగ్గర ఎముకలు లేచి ఉన్నాయి. తలగడ పక్కన మందు సీసా, తడిగుడ్డ, నీళ్ళ గ్లాసు. ఆ పరిస్థితిలో కూడా అన్న కళ్ళు నవ్వుతున్నాయి, అది చూసి మెకానిక్‌కి ఒళ్ళు మండింది.

"ఒక్క లాగుకే లేచింది కదరా," అన్నాడు అన్న. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "వినబడింది."

"ఊఁ."

"ఎవరు లాగారు?"

"ఆవిడ."

అన్న నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. మెకానిక్ గ్లాసు అందించి, మళ్ళీ తీసుకుని, పెట్టాల్సిన చోట పెట్టాడు. ఎనిమిది నెలలుగా మింగుతున్న మాట అప్పుడు పైకి వచ్చేసింది.

"నాకెందుకివ్వలేదు?"

అన్న తల అతని వైపు తిప్పాడు. "నీకిస్తే ఏం చేస్తావు?"

మెకానిక్ జేబులోని పాత ప్లగ్గుని వేళ్ళతో తిప్పాడు.

"గట్టున కట్టేసి రోజూ తుడుచుకుంటావు," అన్నాడు అన్న. "అది తిరగాలిరా. దాని పని అది."

"నీకన్నీ తెలుసు. నీకెప్పుడూ అన్నీ తెలుసు," అన్నాడు మెకానిక్. గొంతు పెద్దగా పెట్టలేదు. అతని యాభై ఎనిమిదేళ్ళ కోపం ఆ రెండు వాక్యాలకి సరిపోయింది. అన్న దాన్ని తిట్టుగా తీసుకోలేదు. కాదనీ అనలేదు. కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

కింద రేవులో మోటారు పలికింది. ఈసారీ ఒక్క లాగే. శబ్దం నిలకడగా సాగి, కిటికీ కిందికి వచ్చింది. తెల్లటి బోటు వెనక పలక దగ్గర ఆవిడ కూర్చుని ఉంది, ముందు డ్రైవరు తన ఎడమ భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ పైకి చూసి చెయ్యెత్తింది. అన్న దుప్పటి మీద నుంచి నాలుగు వేళ్ళు ఎత్తాడు. మెకానిక్ ఎత్తలేదు. శబ్దం సన్నబడుతూ పోయింది.

"మలుపు తిరిగిందా?" అన్నాడు అన్న. కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"తిరిగింది."

"బాగా తిరిగిందా?"

"బాగానే తిరిగింది."

అన్న ఇంకేం మాట్లాడలేదు. నిద్ర పట్టిందనుకుని మెకానిక్ దుప్పటి సర్ది అరుగు మీదికి వచ్చాడు. వదిన అక్కడ కూర్చుని కూరగాయలు తరుగుతోంది. పక్కకి జరిగి అతనికి చోటిచ్చింది. ఆవిడ ఆ ఇంటికి వచ్చేటప్పటికి మెకానిక్‌కి పద్దెనిమిదేళ్ళు. అప్పటినుంచీ ఆవిడ అతన్ని ఒక్క మాట అనలేదు, ఆ కారణం చేత ఆవిడ మీద మాత్రం అతనికి కుళ్ళు లేదు.

"పొద్దుట్నుంచీ ఒకటే నవ్వు ఆయన," అంది వదిన. "ఒక్క లాగుకి లేచిందే, ఇప్పుడు వాడి మొహం చూడాలే అంటూ."

మెకానిక్ ఆవిడ వైపు తిరిగాడు. "ఒక్క లాగుకే లేస్తుందని అన్నయ్యకి ముందే తెలుసా?"

"తెలియకపోవడమేం. నీ ఆపరేషన్‌కి పట్నంలో ఉన్నావు చూడు, ఆ పది రోజులూ ఆయనే కదా లాగుకుంది."

"ఎన్ని లాగులకి లేచేది, వదినా?"

"నాకేం తెలుసు లాగుల లెక్క. నేను ఫ్లాస్కు పట్టుకుని మెట్లు దిగేలోపే మలుపు దాటిపోయేవారు. పది రోజులూ టీ తాగకుండానే వెళ్ళారు." కత్తి పక్కన పెట్టి, ఒళ్ళో తొక్కలు దులుపుకుంది. "నువ్వు ఇంటికొచ్చాక మాత్రం బోటు గట్టుకి కట్టేశారు. నెల రోజులు. ఇంట్లో ఉప్పూ పప్పూ నిండుకున్నాయి, నువ్వే లాగుకుని వెళ్ళొచ్చుగా అని పోట్లాడాను కూడా. 'అదొక్కటీ లేకపోతే వాడు నా మొహం చూడడే' అన్నారు. నీతో అనొద్దన్నారు. ఇప్పుడిక బోటే పోయింది, చెబితే ఏంటిలే."

మెకానిక్ తన కుడి చెయ్యి చూసుకున్నాడు. తాడు లాగి లాగి ఆ భుజం రెండోదానికంటే లావెక్కింది. అన్న దగ్గర లేనిది తన దగ్గర ఒకటుందనుకుని అతను ఇరవై రెండేళ్ళు తలెత్తుకు తిరిగాడు. అది కూడా అన్న పెట్టిందే. ఉప్పూ పప్పూ మానుకుని పెట్టాడు. మెట్టు మీద కూర్చుని, తెలిసీ తెలియనట్టు, "ఎన్నైంది?" అని అడిగాడు. అతనికి సిగ్గేసింది. ఆ వెనకే ఏడుపు వచ్చింది. రెండింటికంటే ముందు కుళ్ళు వచ్చింది, అంత పెద్ద మనసు వాడికెందుకుండాలని.

లేచి లోపలికి వెళ్ళాడు. ఈసారి నిలదీసి అడగాలి. లేకపోతే ఏమీ అడక్కుండా మంచం పక్కన కూర్చోవాలి. ఏది చెయ్యాలో గుమ్మం దాటేదాకా తేల్చుకోలేదు.

"అన్నయ్యా," అన్నాడు.

అన్న కిటికీ వైపే తిరిగి ఉన్నాడు. ఇందాక ఎత్తిన నాలుగు వేళ్ళూ దుప్పటి మీద పడి ఉన్నాయి. మెకానిక్ వంగి, ఆగిన మోటారు దగ్గర వినేవాడిలా చెవి ఒగ్గి విన్నాడు. అతనికి తెలియని నిశ్శబ్దం కాదది. అయినా వదినని పిలవడానికి చాలాసేపు పట్టింది. ఇందులో కూడా వాడే ముందు అనుకున్నాడు, జవాబు చెప్పకుండా పోయాడు అనుకున్నాడు. అప్పుడు కూర్చుని, మంచం పట్టె పట్టుకుని, పైకే ఏడ్చాడు.

సాయంత్రానికి ఇల్లు మనుషులతో నిండింది. రేవులో మిగతా బోట్లవాళ్ళందరూ వచ్చారు. ఎవరూ గొంతు పెంచడం లేదు. వచ్చినవాళ్ళు అతని భుజం మీద చెయ్యి వేసి, ఎంత మంచి మనిషో అంటున్నారు. అతను తల ఊపుతున్నాడు. కాసేపటికి ఆ మాట ఇంకోసారి వినలేక మెట్లు దిగి రేవులోకి వచ్చాడు.

బోటు ఉండే చోట నీళ్ళు మాత్రమే ఉన్నాయి. మీద రంగురంగుల పెట్రోలు పొర సన్నగా తేలుతోంది. రాతి గుంజ దగ్గర, తమకి అక్కర్లేనివి కొనేవాళ్ళు పద్ధతిగా తీసి పెట్టి వెళ్ళారు. నీళ్ళు తోడే డబ్బా, ఒక చిరిగిన తాడు చుట్ట, బోటు ముందు భాగంలోని పెట్టె అడుగున దొరికిన ఫ్లాస్కు. అన్న చివరిసారి బోటెక్కిన రోజు నుంచీ అది ఆ పెట్టెలోనే ఉండిపోయి ఉండాలి. ఆ తరువాత టీ ఎవరూ తేలేదు, మెకానిక్ కూడా దాని గురించి అడగలేదు.

అన్న కూర్చునే మెట్టు మీద కూర్చుని ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకున్నాడు. పెద్ద కప్పు తిప్పి తీశాడు. లోపల చిన్న కప్పు ఉంది. దాన్ని బయటికి తీద్దామని గోరుతో అంచు పట్టి లాగాడు. రాలేదు. పైన ఎవరో అతన్ని పిలుస్తున్నారు. ఇంకోసారి లాగాడు. ఎనిమిది నెలల కిందటి టీ చుట్టూ ఎండి, చిన్న కప్పు పెద్ద కప్పులో బిగుసుకుపోయి ఉంది.